తామర పురుగు ఏది? ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో కొత్త చీడల గుర్తింపు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: 2021–22 పంటకాలంలో తెలుగు రాష్ట్రాల మిరప పూతను దెబ్బతీసిన నల్ల తామర పురుగు శాస్త్రానికి కొత్తది కాదు. 1922లోనే దానికి నామకరణం జరిగింది. 2015లో బెంగళూరు బొప్పాయి మీద మన దేశంలో నమోదైంది. అయినా మిరప రైతుకు అది పూతలోకి వచ్చిన తరువాతనే తెలిసింది. శాస్త్రనామానికీ పొలంలోని పేరుకూ మధ్య ఈ ఎడం ఎలా ఏర్పడుతుందో, దానివల్ల ఏమి నష్టం జరుగుతుందో కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతపు పంటల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆక్రమణ జాతులు, తామర పురుగు, వయ్యారిభామ, పిండినల్లి, సాక్ష్య నమూనా, ఆదోని, ఎమ్మిగనూరు.

1. ప్రాంతం, పంటలు, పేర్లు

2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరు జిల్లా అయిన తరువాత కర్నూలు జిల్లాలో మిగిలిన భాగంలో ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, మంత్రాలయం ప్రాంతాలకు ప్రాముఖ్యం పెరిగింది. పడమట బళ్ళారి, ఉత్తరాన తుంగభద్ర దాటితే రాయచూరు. నల్లరేగడిలో పత్తి, ఎర్రనేలల్లో వేరుశనగ, దిగువ కాలువ కిందా బోర్ల కిందా మిరప, వీటి మధ్య జొన్న, కంది, పొద్దుతిరుగుడు. ఆదోని పత్తి మార్కెట్టుకు సరిహద్దు అవతలి దిగుబడి కూడా వస్తుంది. ఇక్కడి మిరప గుంటూరుకూ పోతుంది, కర్ణాటకలోని బ్యాడగికీ పోతుంది. విత్తనం, నారు, గోనెసంచి, లారీ ఎప్పుడూ కదులుతూ ఉండే ఇటువంటి చోట పరాయి జీవి రావడం వింత కాదు. వచ్చినదాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ పేరుతో గుర్తించారన్నదే పరిశీలించవలసిన విషయం.

పరాయి జాతులకు జనం పేర్లు పెట్టే తీరులో ఒక చరిత్ర ఉంది. ప్రోసోపిస్ జులిఫ్లోరా విత్తనాలను 1877లో జమైకా నుండి తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటించినది నాటి మద్రాసు అటవీశాఖ. జనం దానిని ‘సర్కారు తుమ్మ’ అన్నారు. తెచ్చినవారెవరో పేరులోనే నమోదైంది. తుమ్మకు దగ్గరిదని గ్రహించి పాత పేరును ఉంచారు, అదే చెట్టు కాదని గ్రహించి ముందొక విశేషణం చేర్చారు. వర్గీకరణ శాస్త్రజ్ఞుడు ప్రజాతి నామానికి జాతి నామం చేర్చడమూ ఇటువంటి పనే. పార్థీనియంకు వచ్చిన ‘కాంగ్రెస్ గడ్డి’, ‘వయ్యారిభామ’ అనే పేర్లు కూడా దానిని స్థానికమైన ఏ మొక్కతోనూ కలిపివేయలేదు. కలుపు మొక్క, ముళ్ళచెట్టు కంటికి ఆనతాయి కాబట్టి జనభాష వాటిని వేరు చేయగలిగింది. మిల్లీమీటరు పొడవుండే పురుగుల దగ్గరకు వచ్చేసరికి ఆ శక్తి సరిపోలేదు.

‘నల్లి’ అనే మాటనే చూడవచ్చు. మంచంలోని నల్లి రక్తం పీల్చే కీటకం. మిరప మీది తెల్లనల్లి కీటకమే కాదు, ఎనిమిది కాళ్ళున్న, సాలీడు వర్గానికి చెందిన జీవి. పత్తి మీది పిండినల్లి మైనం పొడి కప్పుకొన్న రసం పీల్చే పురుగు. మూడింటికీ పేరు ఒకటే. నల్లులను చంపే ప్రత్యేక మందులు చాలావరకు కీటకాల మీద పనిచేయవు. కాబట్టి మందుల అంగడిలో ‘నల్లికి మందు’ అని అడిగినప్పుడు ఏ నల్లి అన్న ప్రశ్న ఎదురు రాకపోతే రైతు డబ్బు వృథా అయినట్టే. సరిహద్దు గ్రామాలలో ఇంకొక చిక్కు కూడా ఉంది. కన్నడంలో ‘నుసి’ అనే మాట తామర పురుగుకూ నల్లికీ కలిపి వాడుకలో ఉంది. రెండు భాషలూ మాట్లాడే పల్లెలో ఒక లక్షణం ఒక పేరు నుండి మరొక పేరులోకి సులభంగా జారిపోతుంది.

2. ఒకే పేరు, రెండు పురుగులు

మిరపలో ‘తామర పురుగు’ అంటే దశాబ్దాలుగా సిర్టోత్రిప్స్ డార్సాలిస్. ఇది లేత ఆకులను గీకి రసం పీలుస్తుంది. ఆకు అంచులు పైకి లేచి దొన్నెలా ముడుచుకుంటాయి. దీనిని రైతులు పై ముడత అంటారు. తెల్లనల్లి ఆశిస్తే అంచులు కిందికి తిరుగుతాయి, అది కింది ముడత. వైరస్ వల్ల వచ్చే బొబ్బర తెగులు మూడవది. ఈ మూడింటినీ ఆకు వంపు చూసి వేరుచేసే పద్ధతి వ్యవసాయ విస్తరణ సాహిత్యంలో స్థిరపడింది. రైతులు కూడా దానిని చక్కగా అందిపుచ్చుకున్నారు. పొలంలో నిలబడి భూతద్దం లేకుండా చేయగల నిర్ణయం అది. ఆ పద్ధతిని తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. దాని బలమే 2021లో దాని బలహీనత అయింది.

ఆ ఏడాది నవంబరు నుండి గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాలలో, తెలంగాణలోని ఖమ్మం, వరంగల్ ప్రాంతాలలో, కర్నూలు జిల్లాలో, సరిహద్దుకు ఆవల బళ్ళారి, రాయచూరులలో మిరప పూత ఎండి రాలడం మొదలైంది. పూవు విప్పి చూస్తే లోపల పదుల సంఖ్యలో ముదురు గోధుమరంగు పురుగులు. అది త్రిప్స్ పార్విస్పైనస్. పాత తామర పురుగు ప్రధానంగా లేత ఆకును పట్టుకుంటుంది. ఇది పూవులో కాపురం పెడుతుంది. పూరేకుల మీద గోధుమరంగు గీతలు పడి, పూవు వాడి, కాయ పట్టదు. ఆకు అడుగుభాగం గీకినచోట ఎరుపు కలిసిన గోధుమరంగుకు మారుతుంది, పైభాగంలో పసుపు చారలు కనిపిస్తాయి. కౌలుతో కలిపి ఎకరాకు లక్ష రూపాయలు దాటే పెట్టుబడి అప్పటికే పొలంలో ఉంది. పై ముడత కోసం అలవాటైన చోట, అంటే ఆకులో, వెదికినవారికి పురుగు తక్కువగా కనిపించింది. పూవు దులిపి చూసినవారికి విపరీతంగా కనిపించింది.

చాలాచోట్ల రైతులు రెండు మూడు మందులు కలిపి, వారానికి ఒకటి రెండు సార్లు కూడా చల్లారు. దానివల్ల పురుగు పెద్దగా తగ్గలేదు. పూవు లోపల దాగిన పురుగుకు పైపైన కొట్టిన మందు తగలదు. గుడ్డు ఆకు కణజాలం లోపల ఉంటుంది. కోశస్థ దశ సాధారణంగా నేలలో గడుస్తుంది. అంటే ఏ రోజు చల్లినా జీవితచక్రంలో కొంత భాగం మందుకు అందదు. పైగా విచ్చలవిడి పిచికారీకి ముందుగా బలయ్యేవి పురుగును తినే నల్లులు, నల్లులవంటి చిన్న పెంకు పురుగులు, పూలలోని ఇతర మిత్రకీటకాలు.

ఇప్పుడు ఈ జాతి చరిత్ర చూద్దాం. కార్నీ అనే శాస్త్రజ్ఞుడు దీనిని 1922లో థాయిలాండు నమూనాల ఆధారంగా వర్ణించాడు. ఆగ్నేయాసియాలో ఇది కూరగాయలకు తెలిసిన చీడ. గ్రీసులో గార్డీనియా మొక్కల మీద బయటపడినప్పుడు మౌండ్, కాలిన్స్ 2000లో వెలువరించిన వ్యాసం శీర్షికలోనే ఈ జాతి గుర్తింపులోని గందరగోళాన్ని ప్రస్తావించింది. మన దేశంలో దీనిని 2015లో కౌముద్ త్యాగి, వికాస్ కుమార్ బృందం బెంగళూరులో బొప్పాయి నుండి సేకరించిన నమూనాలతో, శరీర లక్షణాలూ జన్యు సాక్ష్యమూ రెండూ చూపించి నమోదు చేసింది. అంటే మిరప విపత్తుకు ఆరేళ్ళ ముందే దీని పేరు, వర్ణన, జన్యు క్రమం అందుబాటులో ఉన్నాయి. బెంగళూరు నుండి ఎమ్మిగనూరు ఒక రాత్రి బస్సు ప్రయాణం. ఆ ఆరేళ్ళలో ఆ సమాచారం ఆంగ్ల పత్రికలోనే ఉండిపోయింది. బొప్పాయి మీద నమోదైనదాన్ని మిరపకు సంబంధించిన హెచ్చరికగా ఎవరూ చదవలేదు, చదివినవారుంటే అది తెలుగులోకి రాలేదు. ఆగ్నేయాసియాలో ఇది మిరపను ఆశిస్తుందన్న సంగతి సాహిత్యంలో ఉన్నదే. ఒక జాతిని గుర్తించడమంటే దానికి లాటిన్ పేరు నిర్ణయించడం మాత్రమే అనుకుంటే మన దేశంలో 2015లోనే గుర్తింపు పూర్తయింది. పొలంలో దానిని పాత పురుగు నుండి వేరు చేయగల మాట పుట్టినప్పుడే గుర్తింపు పూర్తవుతుందనుకుంటే అది 2021 చివర జరిగింది. ఈ వ్యాసం రెండవ అర్థాన్నే స్వీకరిస్తుంది.

అలా పుట్టిన మాట ‘నల్ల తామర పురుగు’. సర్కారు తుమ్మ పద్ధతిలోనే పాత పేరుకు విశేషణం చేర్చిన మాట ఇది. పేరు మంచిదే. కానీ దానిలో ఒక ఉచ్చు ఉంది. నల్లగా, నిజానికి ముదురు గోధుమరంగులో, ఉండేవి ఆడ పురుగులు మాత్రమే. మగవి చిన్నవి, పసుపు రంగువి. పిల్ల పురుగులు కూడా లేత రంగువే. పూవు దులిపినప్పుడు తెల్లకాగితం మీద పసుపు పురుగులు మాత్రమే పడితే ‘ఇది పాతదే’ అని తీర్మానించే ప్రమాదం ఈ పేరులో దాగి ఉంది. దానికి ఎదురు ప్రమాదం కూడా ఉంది: పూవులో కనిపించిన ప్రతి నల్ల పురుగూ కొత్తదే అనుకోవడం. ఫ్రాంక్లినియెల్లా షుల్జీ ముదురు రంగు రూపం మన పూలలో ఎప్పటినుండో ఉంది. త్రిప్స్ హవాయియెన్సిస్, త్రిప్స్ ఫ్లోరం కూడా గోధుమరంగు పూల పురుగులే.

3. సూక్ష్మదర్శిని కింద

రంగు ఆధారంగా అనుమానించవచ్చు గానీ నిర్ధారించరాదు. స్లయిడు తయారుచేసి చూడవలసిన లక్షణాలు కొన్ని ఉన్నాయి. డిగ్రీ కళాశాల జంతుశాస్త్ర ప్రయోగశాలలో ఉండే సంయుక్త సూక్ష్మదర్శినితో వీటిలో ఎక్కువ భాగం కనిపిస్తాయి.

సిర్టోత్రిప్స్ డార్సాలిస్‌లో స్పర్శశృంగం ఎనిమిది ఖండాలుగా ఉంటుంది. లేత పసుపు ఉదరం మీద ఖండితాల నడుమ ముదురు మచ్చలు, ఖండితాల పక్కభాగాలలో అతి సన్నని నూగు వరుసలు ఉంటాయి. త్రిప్స్ పార్విస్పైనస్ ఆడపురుగులో స్పర్శశృంగం ఏడు ఖండాలు. తల, వక్షం ఉదరం కంటె లేత రంగులో ఉంటాయి. ముందు రెక్క గోధుమరంగులో ఉండి మొదలు దగ్గర పాలిపోతుంది. ముఖ్యమైన లక్షణం ముందు రెక్క ఈనెల మీది శూకాలు: రెండు ఈనెల మీదా వరుస తెగకుండా ఉంటుంది. హవాయియెన్సిస్‌లో మొదటి ఈనె మీది వరుస మధ్యలో తెగి, చివర కొన్ని శూకాలే మిగులుతాయి. ఎనిమిదవ ఉదర ఖండితం పైభాగపు వెనుక అంచున ఉండే దువ్వెనవంటి నూగు పార్విస్పైనస్‌లో ఉండదు. ఉదరం అడుగు ఫలకాలలో మూడు నుండి ఆరు వరకు నడిమి శూకాలు ఉంటాయి, రెండవ, ఏడవ ఫలకాల మీద ఉండవు. ఫ్రాంక్లినియెల్లాను వేరుచేయడం ఇంకా సులభం. దాని స్పర్శశృంగం ఎనిమిది ఖండాలు, వక్షం ముందు అంచున కూడా పొడవైన శూకాలు ఉంటాయి.

జన్యు క్రమం చూస్తే చాలదా అని పరిశోధక విద్యార్థులు అడగడం సహజం. మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ ఆక్సిడేజ్ జన్యు ఖండం పిల్ల పురుగులను, విరిగిన నమూనాలను కూడా గుర్తించడానికి పనికివస్తుంది. శరీర లక్షణాలకు అందని చోట అదే దిక్కు. కానీ జన్యు నిధిలోని క్రమానికి పేరు పెట్టింది కూడా ఒక మనిషే. ఆ పేరు తప్పయితే దానితో పోల్చిన ప్రతి కొత్త క్రమమూ తప్పుగానే బయటికి వస్తుంది. దీనికి తోడు 2015లో డికీ బృందం మన పాత సిర్టోత్రిప్స్ డార్సాలిస్ కూడా ఒకే జాతి కాదని, చూడటానికి ఒకేలా ఉండే కనీసం తొమ్మిది జాతుల సముదాయమని జన్యు సాక్ష్యంతో చూపింది. ‘తామర పురుగు’ అనే తెలుగు మాట విశాలమైపోయిందని ఆక్షేపించే ముందు, దానికి సమానంగా మనం వాడుతున్న లాటిన్ మాట కూడా అంతే విశాలమైనదని గమనించాలి.

4. అనంతపురం వేరుశనగ, 2000

పేరు తప్పితే చర్య ఎలా తప్పుతుందో చెప్పడానికి ఆదోనికి దక్షిణాన ఉన్న అనంతపురం జిల్లాలో 2000 ఖరీఫ్‌లో జరిగిన ఉదంతం కంటె మంచి ఉదాహరణ దొరకదు. సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగ దెబ్బతిన్నది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. లేత ఆకులు మాడి, కాండం నల్లబడి మొక్కలు చనిపోయాయి.

అప్పటికి ఈ ప్రాంతంలో వేరుశనగకు బాగా తెలిసిన వైరస్ తెగులు మొవ్వుకుళ్ళు. లక్షణాలు దానిని పోలి ఉండడంతో ముందుగా అనుమానం దానిమీదికే వెళ్ళింది. మొవ్వుకుళ్ళు చరిత్ర కూడా సూటిగా లేదు. దాని కారకాన్ని చాలాకాలం టమాటా స్పాటెడ్ విల్ట్ వైరస్ అన్నారు. అది వేరే వైరస్ అని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు 1992లో చూపించారు. దానిని మోసే పురుగు ఫ్రాంక్లినియెల్లా షుల్జీ అని మొదట భావించి, తరువాత త్రిప్స్ పామీ అని సవరించుకున్నారు. ఇంత శ్రమపడి సాధించిన జ్ఞానం 2000లో చేతిలో ఉంది, కానీ పొలంలో ఉన్నది ఆ తెగులు కాదు.

ఇక్రిశాట్‌లో జరిగిన పరీక్షలలో కారకం పొగాకు స్ట్రీక్ వైరస్ అని తేలింది. తెలుగులో దీనిని కాండంకుళ్ళు తెగులు అన్నారు. ఇదే వైరస్ వర్గం పొద్దుతిరుగుడులో కనిపించిన మాడు తెగులుకు కూడా కారణమని అదే కాలంలో స్పష్టమైంది. ఆ తెగులును 1997లో కర్ణాటకలోని బాగేపల్లి దగ్గర మొదట గమనించారు. రెండు వైరస్‌లనూ పొలంలో చేరవేసేవి తామర పురుగులే గానీ, చేరవేసే తీరు పూర్తిగా వేరు. మొవ్వుకుళ్ళు వైరస్‌ను పురుగు పిల్లదశలో పీల్చుకుంటుంది, అది పురుగు శరీరంలోనే వృద్ధిచెంది పెద్ద పురుగు ద్వారా వ్యాపిస్తుంది. కాండంకుళ్ళు వైరస్ పురుగు లోపల ఉండదు, పుప్పొడిలో ఉంటుంది. వైరస్ ఉన్న పూవు మీద తిరిగిన పురుగు ఒంటికి అంటుకున్న పుప్పొడి వేరుశనగ ఆకు మీద పడుతుంది. పురుగు గీకిన గాయం గుండా వైరస్ లోపలికి పోతుంది.

ఆ పుప్పొడి ఎక్కడిది? ప్రధానంగా వయ్యారిభామది. 1955లో పుణేలో దృష్టికి వచ్చి దేశమంతా పాకిన ఈ మొక్క, వైరస్ ఉన్నా ఏ లక్షణమూ చూపకుండా పచ్చగా పూస్తుంది. తొలకరికి గట్ల మీద మొలిచి, వేరుశనగ లేతగా ఉన్న వేళకు పూతకు వస్తుంది. వేరుశనగ పూవులో పుప్పొడి రేకుల మధ్య మూసుకొని ఉంటుంది గనుక వేరుశనగ నుండి వేరుశనగకు తెగులు పాకడం దాదాపు ఉండదు.

ఈ ఒక్క అంశం రైతు చేయవలసిన పనిని తలకిందులు చేస్తుంది. తెగులు సోకిన మొక్కను పీకివేయడం కాండంకుళ్ళు విషయంలో దాదాపు వృథా శ్రమ. గట్ల మీది, బాటల పక్కని వయ్యారిభామను పూతకు రాకముందే తీసివేయడం, పొలం చుట్టూ జొన్న లేదా సజ్జ వరుసలు అడ్డంగా వేసి గాలివాటున వచ్చే పురుగును ఆపడం ఫలితమిస్తాయి. ఒక ఆక్రమణ కలుపు మొక్క, ఒక వైరస్, ఎప్పటినుండో ఉన్న తామర పురుగులు, ఈ మూడూ కలిసి చేసిన నష్టమిది. పురుగును మాత్రమే గుర్తించి ఊరుకున్నవారికి మిగిలిన రెండూ కనిపించవు. ఇప్పటికీ ఆదోని చుట్టుపక్కల బీళ్ళలో వయ్యారిభామకూ, దాని పక్కనే వేసిన వేరుశనగకూ, పొద్దుతిరుగుడుకూ మధ్య దూరం కొన్ని అడుగులే.

5. కొత్తగా కనిపించేదంతా పరాయిది కాదు

ఆదోని పత్తి విషయంలో వ్యతిరేక దిశలో జరిగే పొరపాటును గమనించాలి. గులాబీ రంగు పురుగు బీటీ పత్తిలో మళ్ళీ విజృంభించినప్పుడు దానిని ఎక్కడినుండో వచ్చిన కొత్త పురుగుగా మాట్లాడుకోవడం వినిపిస్తుంది. పెక్టినోఫోరా గాసిపియెల్లాను సాండర్స్ 1843లో వర్ణించినది గుజరాత్‌లోని భరూచ్ పత్తి నుండి పంపిన నమూనాల ఆధారంగానే. పురుగు పాతది, దాని నిరోధకశక్తి కొత్తది. బీటీలోని మొదటి విషపదార్థానికి అది లొంగడం లేదన్న విషయం గుజరాత్‌లో 2009–10 నాటికే బయటపడింది. తరువాత రెండు జన్యువుల బీటీ రకాలలోనూ అదే జరిగింది.

విప్పారని గుడ్డి పూలు, పైకి బాగానే ఉండి లోపల గింజ తిన్న కాయ, రెండు గింజలు అతుక్కొని లోపల పురుగు దాగిన జంట గింజ దీని ఆనవాళ్ళు. ఈ జంట గింజ ఆదోని వంటి జిన్నింగు పట్టణానికి ప్రత్యేకంగా సంబంధించినది. మిల్లు ఆవరణలో నిలవ ఉన్న గింజల కుప్పలోనే పురుగు వేసవిని గడుపుతుంది. అందుకే జిన్నింగు మిల్లుల దగ్గర లింగాకర్షక బుట్టలు పెట్టమని శాస్త్రజ్ఞులు సూచిస్తారు. పరాయి పురుగయితే సరిహద్దు దగ్గర ఆపాలి. ఇది మన గోదాములోనే ఉంది. 2018 మే నెలలో శివమొగ్గలో బయటపడి కొద్ది నెలలలోనే తెలుగు రాష్ట్రాలకు చేరిన కత్తెర పురుగు మాత్రం నిజంగా అమెరికా ఖండం నుండి వచ్చినది. తల మీద తలకిందులైన ఆంగ్ల వై ఆకారపు గీత, తోక వైపు ఎనిమిదవ ఉదర ఖండితం మీద చతురస్రంగా నాలుగు నల్లచుక్కలు దానిని పాత లద్దె పురుగు నుండి వేరుచేస్తాయి. మొక్కజొన్నలోనే కాక మన జొన్నలోనూ చూడవలసిన పురుగు ఇది.

6. పేరు తెలిస్తే కలిగే ప్రయోజనం

‘ఏ పురుగైతేనేం, చంపడమే కదా’ అన్న మాటకు పిండినల్లుల చరిత్ర సమాధానం చెబుతుంది. 2008లో కోయంబత్తూరులో బొప్పాయి మీద కనిపించిన పిండినల్లిని పారాకాకస్ మార్జినేటస్ అని నిర్ధారించగానే, దాని స్వస్థలమైన మధ్య అమెరికా ప్రాంతంలో దానిని అదుపులో ఉంచే కందిరీగలేవో సాహిత్యంలో సిద్ధంగా దొరికాయి. 2010లో అసెరోఫాగస్ పపాయే తదితర కందిరీగలను ప్యూర్టోరికో నుండి తెప్పించి విడుదల చేశారు. కొద్ది కాలంలోనే ఆ పిండినల్లి చాలాచోట్ల సమస్య కాకుండా పోయింది. పేరు తప్పుగా పడి ఉంటే తప్పు కందిరీగ వచ్చేది, ఎందుకంటే ఈ కందిరీగలు అతిథేయి విషయంలో చాలా పట్టుదల గలవి.

పత్తిలో ఫెనకాకస్ సొలెనాప్సిస్ కథ కొంచెం భిన్నం. 1898లో టిన్స్లీ అమెరికాలో వర్ణించిన ఈ జాతి మన దేశంలో 2005 తరువాత పత్తిలో వ్యాపించింది. తొమ్మిది రాష్ట్రాలలో జరిపిన సర్వే ఫలితాలు 2009లో వెలువడి, పత్తి మీద ఉన్నది ప్రధానంగా ఇదేనని తేల్చేవరకు ఏ పిండినల్లి అన్న విషయంలో స్పష్టత లేదు. ఆడపురుగు వీపు మీది తెల్లని పొడి మధ్య జంటగా కనిపించే నల్లని మచ్చలు పొలంలో దీనికి గుర్తు. దీనిని తినే కందిరీగ పిలవకుండానే వెంట వచ్చింది. 2009లో హయత్ దానిని కొత్త జాతిగా భావించి ఈనాసియస్ బాంబావాలై అని పేరు పెట్టాడు. అది గిరో 1915లో అమెరికా నుండి వర్ణించిన ఈనాసియస్ అరిజోనెన్సిస్ అని తరువాత తేలింది. ఈ సవరణ కేవలం పేర్ల పంచాయితీ కాదు. పిండినల్లి, దాని శత్రువు రెండూ ఒకే ఖండం నుండి వచ్చాయని అది చెబుతోంది. పత్తిలో ఎండిన, గోధుమరంగుకు తిరిగి గట్టిపడిన పిండినల్లి శవాలు కనిపిస్తే వాటిలో ఈ కందిరీగ ఉంటుంది. అప్పుడు మందు కొట్టకుండా ఆగడమే మేలు.

7. నమూనా, చీటీ

కొత్త పురుగును తుది నిర్ధారణ చేసే పని బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ, కోల్‌కతాలోని భారత జంతు సర్వేక్షణ వంటి సంస్థలది. ఎమ్మిగనూరు దగ్గరి బనవాసి కృషి విజ్ఞాన కేంద్రం, నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం వాటికి వారధులు. గ్రామస్థాయిలో ఒకప్పటి రైతు భరోసా కేంద్రాలు, ఇప్పటి రైతు సేవా కేంద్రాలు ఉన్నాయి. ఈ వరుసలో కళాశాలలకు స్థానం లేకపోవడం సరికాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కళాశాల విద్యార్థులలో ఎక్కువమంది ఆ పల్లెల నుండే వస్తారు. ప్రతి సోమవారం పొలం చూసి వచ్చే కళ్ళు ఏ సర్వే బృందానికీ అన్ని ఉండవు.

సేకరణ పద్ధతి ఖర్చుతో కూడినది కాదు. ఉదయం వేళ మిరప పూలను తెల్లకాగితం మీద తట్టి, పడిన పురుగులను సన్నని కుంచెతో తీసి 70 శాతం ఆల్కహాలులో వేయాలి. జన్యు పరీక్ష ఉద్దేశమైతే కొన్నింటిని 95 శాతం ఆల్కహాలులో వేరుగా చల్లగా ఉంచాలి. ఆడ, మగ, పిల్ల పురుగులన్నీ ఉండాలి. నల్లవాటిని మాత్రమే ఏరుకోవడం పైన చెప్పిన పేరు ఉచ్చులో పడటమే. పిండినల్లిని రెమ్మతో సహా తీసి, కొన్నింటిని బతికి ఉన్నట్టే గుడ్డ మూతి కట్టిన సీసాలో పది రోజులు ఉంచితే లోపల కందిరీగ ఉంటే బయటికి వస్తుంది. పొలం నుండి పొలానికి బతికిన పురుగును మోసుకుపోకూడదన్న జాగ్రత్త ఇక్కడ తప్పనిసరి.

సీసాలో వేసే చీటీ పెన్సిలుతో రాయాలి, సిరా ఆల్కహాలులో కరుగుతుంది. గ్రామం, మండలం, తేదీ, పంట, మొక్కలో ఏ భాగం నుండి తీసినది, సేకరించినవారు, ఇవి సాధారణంగా రాస్తారు. మన పరిస్థితులలో ఇంకో రెండు వివరాలు అవసరం: గత నెలలో ఆ చేనులో చల్లిన మందులు, రైతు ఆ పురుగును పిలిచిన పేరు. ఆ పేరును సవరించకుండా, తెలుగైనా కన్నడమైనా ఉర్దూ అయినా, విన్నది విన్నట్టే రాయాలి. పదేళ్ళ తరువాత జాతి పేరు మారవచ్చు, ఒక జాతి రెండుగా విడిపోవచ్చు. సాక్ష్య నమూనా సీసాలో భద్రంగా ఉంటే దాన్ని మళ్ళీ చూసి తేల్చుకోవచ్చు. నమూనా లేని నివేదికను మళ్ళీ పరీక్షించే అవకాశం లేదు. 2021–22 మిరప గురించి పత్రికలలో వచ్చిన ఛాయాచిత్రాలలో రెక్క శూకాలు ఎవరికీ కనిపించవు.

మిరప చెట్లు పీకివేసిన తరువాత ఏప్రిల్ నుండి ఆగస్టు వరకు ఈ పురుగు పశ్చిమ కర్నూలులో ఏ పూలలో నిలుస్తుందో తేల్చడానికి నెలకు రెండుసార్లు పొద్దుతిరుగుడు, చిక్కుడు, బొప్పాయి, బంతి, గట్ల మీది వయ్యారిభామ పూలను తట్టి చూడడం సరిపోతుంది. ఆదోని, ఎమ్మిగనూరు కళాశాలల విద్యార్థులు తమ ఊళ్ళలోనే చేయగల పని ఇది. కాలువ కింది ఊరు ఒకటి, బోర్ల కింది ఊరు ఒకటి, వర్షాధారపు ఊరు ఒకటి ఎంచుకుని, మూడు చోట్లా ఒకే రోజున, ఒక్కొక్క మొక్క జాతి నుండి ఇరవై పూల చొప్పున తీస్తే లెక్కలు పోల్చదగినవి అవుతాయి. పురుగు దొరకని సీసాకు కూడా తేదీ వేసి చీటీ పెట్టాలి.